5ఏ నంబరు

రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్ క్లాసులు మొదలైన 18 రోజులకు నేను బీటెక్‌లో చేరాను. కౌన్సెలింగ్, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, మీసేవలో ఆదాయ ధ్రువపత్రం, పాలిటెక్నిక్ నుంచి టీసీ, ఇవన్నీ అయ్యేసరికి అన్ని రోజులు పట్టింది. మొదటి రోజు క్లాసు గుమ్మంలో నిలబడి "మే ఐ కమిన్ సార్" అంటే సార్ బోర్డు మీద నుంచి చెయ్యి తీయకుండానే "ఏ బ్రాంచమ్మా?" అన్నారు.

"ఈఈఈ సార్." ఎలక్ట్రికల్ అన్నమాట.

"ఏ ఇయరు?"

"సెకండియర్ సార్."

"మరి ఇన్నాళ్లూ ఎక్కడున్నావ్?"

క్లాసంతా నవ్వింది. "ఎల్ఈ సార్" అన్నాను. "ఓ, ఎల్ఈనా" అని చాక్‌పీసుతో చివరి బెంచీ చూపించారు.

ఎల్ఈ అంటే ల్యాటరల్ ఎంట్రీ. పదో తరగతి తర్వాత ఇంటర్‌కు పోకుండా పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లం ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఈసెట్ 200 మార్కుల పరీక్ష. అందులో 100 మన బ్రాంచి సబ్జెక్టు, 50 మ్యాథ్స్, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. ఆ వంద మార్కులే మా బలం. మిగతా వందా దేవుడి దయ.

జేఎన్టీయూ కాలేజీల్లో రోల్ నంబరు చూస్తే మనిషి జాతకం తెలిసిపోతుంది. మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం. తర్వాతి రెండు కాలేజీ కోడ్. ఆ తర్వాత 1ఏ అని ఉంటే ఎంసెట్ రాసి మొదటి ఏడాదిలోనే చేరినవాళ్లు (దాని పేరు ఎప్‌సెట్ అయింది కానీ మా ఇంట్లో ఇంకా ఎంసెటే). 5ఏ అని ఉంటే మా వాళ్లు. తర్వాత 02 అంటే ఈఈఈ, 03 మెకానికల్, 04 ఈసీఈ, 05 సీఎస్ఈ. చివర మన వరస నంబరు. నాది 5ఏ0207. మేం చేరిన ఏడాది కూడా వాళ్లకంటే ఒకటి ఎక్కువ కాబట్టి నంబరు చూసినవాళ్లు ముందు జూనియర్ అనుకుంటారు. లైబ్రరీలో ఒకావిడ "ఫస్టియర్ వాళ్లకు ఈ పుస్తకాలివ్వం" అని వెనక్కి పంపింది కూడా.

హాజరు రిజిస్టర్‌లో 1ఏ నంబర్లన్నీ అయ్యాక ఒక గీత, దాని కింద చేత్తో రాసిన మా 11 నంబర్లు. మొదటి వారం పది రోజులు చాలామంది సార్లు గీత దగ్గరే ఆగిపోయి రిజిస్టర్ మూసేసేవారు. అప్పుడు మాలో ఎవరో ఒకరు లేచి "సార్, ఎల్ఈ" అనాలి. లేవడానికి అందరికీ మొహమాటమే. మా బెంచీలో ఖమ్మం నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు, అతనికి మొహమాటం లేదు, గొంతు కూడా పెద్దది. ఆ గొంతు పుణ్యమాని మా అందరి హాజరూ నిలబడింది. అతను రాని రోజు మాలో ఒకరినొకరం మోచేత్తో పొడుచుకునేవాళ్లం.

రెండో రోజు పొద్దున మొదటి పీరియడ్ ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్. అందరూ ఈఎంఎఫ్ అంటారు. సార్ లోపలికి రాగానే బోర్డు మీద ఒక తలకిందుల త్రిభుజం గీశారు. దాని పక్కన చుక్క, చుక్క పక్కన డి. ఈక్వల్ టు ఏదో రాశారు. ముందు బెంచీలవాళ్లు టకటకా రాసుకుంటున్నారు.

డిప్లొమాలో మూడేళ్లు త్రిభుజం అంటే నాకు ఒకటే తెలుసు, డెల్టా కనెక్షన్. స్టార్, డెల్టా. మోటారు ఎదురుగా ఉంటే కళ్లు మూసుకుని కలపగలను. డెల్టాను తలకిందులుగా ఎందుకు గీశారో అర్థం కాలేదు. తప్పు గీశారేమో, ఎవరైనా అడుగుతారేమో అని చూశాను. ఎవరూ అడగలేదు. నోట్సులో నేను "ఉల్టా డెల్టా" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. ఆ గంటలో ఇంకో రెండు రకాలుగా వచ్చింది ఆ త్రిభుజం, ఒకసారి పక్కన ఏమీ లేకుండా, ఒకసారి ఇంటూ గుర్తుతో. ఆ మూడు రూపాల పేర్లు గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్. "ఇదంతా మీరు ఫస్టియర్ మ్యాథ్స్‌లో చేసేశారు కాబట్టి ఫాస్ట్‌గా వెళ్లిపోదాం" అన్నారు సార్. 'మీరు'లో మేం లేం.

అక్కడే నాకు మొదటిసారి భయం వేసింది. డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ మాకూ వచ్చు. అవి ఈసెట్‌లో ఉంటాయి. వెక్టర్ క్యాలిక్యులస్ మా దాకా రాలేదు. వాళ్లు ఏడాది పాటు ఎక్కిన మెట్లు మాకు లేవు, మేం నిచ్చెన వేసుకుని మొదటి అంతస్తులోకి దూకినట్టు.

ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్, నలుగురు షేరింగ్. కాలేజీ సాగర్ రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం వైపు. పొద్దున్నే ఎల్బీనగర్, బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటుకుంటూ గంటకు పైగా ప్రయాణం. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు టికెట్ లేదు. కండక్టర్ ఆధార్ చూసి జీరో టికెట్ ఇస్తాడు. నా ఆధార్‌లో ఫొటో ఎనిమిదో తరగతిలో దిగింది, రెండు జడలతో. ఒకాయన కార్డు చూసి, నన్ను చూసి, మళ్లీ కార్డు చూసి "మీ చెల్లెది తెచ్చినవా?" అన్నాడు. బస్సులో టికెట్ కొనే మగపిల్లలు మమ్మల్ని చూసి గొణుక్కోవడం రోజూ ఉండేదే. సీట్లన్నీ మీవేనా అని ఒకతను పైకే అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ గంటలో సీటు దొరికింది నాలుగైదు సార్లే.

హాస్టల్లో తిండి గురించి రాయకపోతేనే మర్యాద. ఒక్కటి మాత్రం చెప్పాలి. వంటగది పక్కన నీళ్లు పట్టుకోవడానికి వెళ్తే గోడకు ఆనించిన బియ్యం బస్తాల మీద పెద్దక్షరాలతో మిర్యాలగూడ అని ఉంది. మా ఊరు. మా నాన్న అక్కడే ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్. ఆయన చూసుకునే మోటార్లు పట్టించిన బియ్యమే ఇది అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, అక్కడ మిల్లులు అన్ని ఉన్నాయి. ఆ రోజు మాత్రం రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

నాన్న రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తాడు. "తిన్నవా బిడ్డా? క్లాసులు అర్థమైతున్నయా?" రెండూ అవుననే చెప్పేదాన్ని. రెండూ అబద్ధాలే.

మెషీన్స్ ల్యాబ్ మొదలైంది మూడో వారంలో. ఈ సెమిస్టర్లో నాకు నచ్చిందంతా ఆ గదిలోనే ఉంది. గదిలో అడుగు పెట్టగానే గ్రీజు, వేడెక్కిన వార్నిష్ వాసన. నాన్న చొక్కా వాసన అది. మా బ్యాచ్‌కు డీసీ షంట్ మోటార్ వచ్చింది. నేమ్ ప్లేట్ మీద 220 వోల్టులు, 19 ఆంపియర్లు, 5 హెచ్‌పీ, 1500 ఆర్‌పీఎం. నా బ్యాచ్‌లో మిగతా నలుగురూ 1ఏ వాళ్లు. మెషీన్ చుట్టూ అడుగు దూరంలో నిలబడ్డారు, పెళ్లిలో కుక్కకు అన్నం పెట్టేవాళ్లలా. అప్పుడు అర్థమైంది, వీళ్లలో ఒక్కరూ ఇంతవరకు మోటార్‌ను ముట్టుకోలేదు. ఫస్టియర్‌లో వాళ్లకు చిన్న చిన్న సర్క్యూట్లు, కిట్లు తప్ప ఇంత పెద్ద మెషీన్ తగలలేదు.

నేను వైర్లు తీసుకుని కలపడం మొదలుపెట్టాను. స్టార్టర్ అంటే మోటార్‌ను మెల్లగా మొదలుపెట్టే పెట్టె. దాని మీది ఎల్ సప్లైకి, ఏ ఆర్మేచర్‌కు (తిరిగే భాగం), ఎఫ్ ఫీల్డ్‌కు (అయస్కాంతంగా పనిచేసే కాయిల్). ఆంమీటర్ సిరీస్‌లో, వోల్ట్‌మీటర్ ప్యారలల్‌లో. ఫీల్డ్ రియోస్టాట్ (నిరోధాన్ని పెంచి తగ్గించేది) జారుడు బొత్తాన్ని కనిష్ఠం దగ్గర పెట్టాను. మోటార్ మొదలుపెట్టేటప్పుడు ఫీల్డ్ పూర్తిగా ఉండాలి. ఫీల్డ్ తగ్గితే వేగం పెరుగుతుంది, ఫీల్డే తెగిపోతే లోడు లేని మోటార్ ఎక్కడిదాకా పరిగెడుతుందో చెప్పలేం. ఇవన్నీ డిప్లొమాలో మా సార్ చేతి మీద స్కేలుతో కొట్టి నేర్పారు. ఇప్పుడు కొట్టకూడదు కానీ, మర్చిపోకుండా ఉండటానికి ఆ స్కేలూ కొంత కారణమే.

నా పక్కన 38 నంబరు అమ్మాయి ఉంది. మా కాలేజీలో పేర్లు మొదటి నెలలో తెలియవు, నంబర్లే. థర్టీ ఎయిట్ అంటే తిరిగి చూస్తుంది. ఈఎంఎఫ్ క్లాసులో టకటకా రాసుకునేవాళ్లలో ముందుండేది ఆమే.

"ఈ స్టార్టర్ హ్యాండిల్ ఎందుకు, నేరుగా స్విచ్ వేయొచ్చు కదా?" అంది.

నేను లెక్క చెప్పాను. తిరిగే మోటార్ తనే ఒక ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, బ్యాక్ ఈఎంఎఫ్ (ఇది మా సబ్జెక్టు ఈఎంఎఫ్ కాదు, వేరే). ఆగి ఉన్నప్పుడు అది సున్నా. ఆర్మేచర్ నిరోధం మహా అయితే రెండు ఓమ్‌లు. 220ని రెండుతో భాగిస్తే 110 ఆంపియర్లు. 19 ఆంపియర్ల మోటార్‌కు 110. అందుకే స్టార్టర్‌లో ముందు నిరోధాలు పెట్టి, వేగం పెరిగేకొద్దీ ఒక్కొక్కటే తీసేస్తాం. హ్యాండిల్‌ను ఒక్కో స్టడ్ (లోహపు బొడిపె) మీద క్షణం ఆపుతూ చివరి దాకా జరిపితే అక్కడ నో వోల్ట్ కాయిల్ అయస్కాంతంలా పట్టుకుంటుంది. కరెంటు పోతే వదిలేస్తుంది, స్ప్రింగు హ్యాండిల్‌ను టప్పున వెనక్కి లాగుతుంది. లేకపోతే కరెంటు తిరిగొచ్చినప్పుడు ఆగి ఉన్న మోటార్ మీద 110 ఆంపియర్లు పడతాయి.

ఆమె నోట్సులో రాసుకుంది. ఉల్టా డెల్టా నాటి నా మొహంలాగే ఉంది ఆమె మొహం. నాకు ఎంత సంతోషం కలిగిందో ఇక్కడ దాచాల్సిన పని లేదు.

ఆ రోజు క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ నేనే అడిగాను, "ఆ డెల్ ఏంటో చెప్తావా?" అని. నా ఉల్టా డెల్టా అసలు పేరు డెల్. ఆమె పేపర్ తీసి ఐ, జె, కె రాసి డిటర్మినెంట్ వేసింది. అయిదు నిమిషాల్లో ఏ ఫంక్షన్ ఇచ్చినా కర్ల్ తీయడం నేర్పేసింది. "సరే, వచ్చిందాన్ని ఏం చేసుకోవాలి? అంటే ఏంటి అది?" అన్నాను. ఆమె కాసేపు పేపర్ వైపు చూసింది. "తెలీదు. ఇలా చేస్తే మార్కులు వేశారు" అంది.

అప్పటిదాకా 1ఏ వాళ్లందరికీ అన్నీ వచ్చని నేను అనుకున్నాను. మా చివరి బెంచీ మొత్తం అలాగే అనుకుంది. తర్వాత ఇంకో ముగ్గురు నలుగురిని అడిగి చూశాను. ఇద్దరు పూర్తిగా మర్చిపోయామన్నారు. ఒకతను అయితే ఆ పేపర్‌లో ఫెయిలై ఇంకా బ్యాక్‌లాగ్ ఉందని చెప్పాడు. మరి సార్ "చేసేశారు కదా" అన్నప్పుడు అందరూ తలలు ఎందుకు ఊపారు? బహుశా నేను ఊపినందుకే.

కర్ల్ అంటే ఏమిటో చివరికి మా ఊరి కాలువ చెప్పింది. లైబ్రరీలో ఒక పుస్తకంలో నీటి ప్రవాహం బొమ్మ వేసి, అందులో చిన్న చక్రం పెడితే తిరుగుతుందా లేదా అని రచయిత అడిగాడు. సాగర్ ఎడమ కాలువ మా మిర్యాలగూడ ప్రాంతం మీదుగానే పోతుంది. చిన్నప్పుడు సెలవుల్లో దాని గట్టు మీద కూర్చుని ఆకులు వేసేవాళ్లం. కాలువ మధ్యకు పడిన ఆకు తిన్నగా కొట్టుకుపోతుంది. గట్టు వారన వేసింది గిర్రున తిరుక్కుంటూ పోతుంది, ఎందుకంటే గట్టును రాసుకునే నీళ్లు నిదానం, లోపలి నీళ్లు జోరు. ఆ తిరగడమే కర్ల్. నీళ్లు వంకర పోనక్కర్లేదు, తిన్నగా పోయే కాలువలోనూ వారన కర్ల్ ఉంటుంది. డైవర్జెన్స్ అంటే ఒక చోట నీళ్లు ఊటలా పుట్టుకొస్తున్నాయా, తూములోకి పోయినట్టు మాయమవుతున్నాయా అని అడగడం. అయస్కాంత క్షేత్రానికి డైవర్జెన్స్ ఎప్పుడూ సున్నా అని సార్ పెట్టెలో రాసి చుట్టూ గీత గీసిన సూత్రం అప్పుడు తలకెక్కింది. అయస్కాంతంలో ఉత్తర ధ్రువం ఒక్కటే విడిగా దొరకదు, అయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కకూ రెండు ధ్రువాలు. ఊట లేదు, తూము లేదు.

మర్నాడు బస్సులో థర్టీ ఎయిట్‌కు ఇదంతా చెప్పాను. మా బస్సు పోయే రోడ్డును తిన్నగా పట్టుకుంటే నాగార్జునసాగర్ వస్తుంది, ఆ కాలువ మొదలయ్యేది అక్కడే. "నీకు కాలువ ఉంది కాబట్టి అర్థమైంది, మాది కూకట్‌పల్లి" అంది. అప్పటినుంచి మా ఇద్దరికీ ఒప్పందం లాంటిది కుదిరింది. మ్యాథ్స్ చేతిపని ఆమె చూపించేది, మెషీన్స్ నేను. ఆమె ల్యాబ్ రికార్డు నాకంటే చక్కగా రాస్తుంది. నాది కోడి కెలికినట్టు ఉంటుంది, డిప్లొమాలో డ్రాయింగ్ ఎలా పాసయ్యానో నాకే తెలీదు.

ఇక ఆరో వారం సంగతి. దీని గురించి నాన్నకు చాలా రోజులు చెప్పలేదు.

ఆ రోజు బ్రేక్ టెస్టు. మోటార్ షాఫ్టుకు ఇనుప డ్రమ్ము ఉంటుంది, దాని చుట్టూ బెల్టు, బెల్టు రెండు చివర్లకు స్ప్రింగ్ బ్యాలెన్సులు. పైన చక్రం తిప్పి బెల్టు బిగిస్తే మోటార్ మీద లోడు పడుతుంది. రెండు బ్యాలెన్సుల తేడాను బట్టి టార్క్, అంటే మోటార్ తిప్పే బలం, లెక్క కడతాం. రాపిడికి డ్రమ్ము కాలిపోతుంది కాబట్టి లోపల నీళ్లు పోస్తుండాలి. లోడు పెరిగేకొద్దీ నీళ్లు పొగలు కక్కుతాయి, బెల్టు మాడిన వాసన వస్తుంది. ఇంజనీరింగ్‌లో ఇంతకంటే సూటిగా కనిపించే ప్రయోగం నాకు తెలీదు. కరెంటు ఇటు పెట్టాం, వేడి అటు వచ్చింది.

అప్పటికి క్లాసులో నాకు "మెషీన్స్ అక్క" అని పేరొచ్చింది. పక్క బ్యాచ్‌వాళ్లు కూడా కనెక్షన్ చూపించుకుని పోయేవాళ్లు. నేను కూడా కొంచెం ఎత్తుగానే నడుస్తున్నాను. ఆ రోజు కనెక్షన్లు రెండు నిమిషాల్లో పెట్టేశాను. మీటర్లు చూశాను, రియోస్టాట్ చూశాను. సార్ వచ్చి చూసి తలూపారు. మెయిన్ వేసి హ్యాండిల్ మొదటి స్టడ్ మీదికి జరిపాను.

మోటార్ తిరగలేదు. హుమ్మని మూలిగింది. ఆంమీటర్ ముల్లు చివరికి పోయి కొట్టుకుంది. నా చెయ్యి ఇంకా హ్యాండిల్ మీదే ఉంది, వదలాలని తెలుసు, వదల్లేదు. ప్యానెల్లో ఠప్ అని చప్పుడు, సన్నటి నీలి పొగ, మాడిన వాసన. ఫ్యూజు పోయింది.

అంతకు ముందు గంట చేసిన బ్యాచ్ బెల్టు వదులు చేయకుండా వెళ్లిపోయారు. బిగించిన బెల్టుతోనే నేను మొదలుపెట్టాను. వాళ్ల తప్పే కదా అని నోటిదాకా వచ్చింది. కానీ షంట్ మోటార్ మొదలుపెట్టే ముందు లోడు తీసి ఉందో లేదో చూడటం మొదటి పాఠం. నలుగురికి చెప్పినదాన్ని నేను.

ల్యాబ్ అసిస్టెంట్ గారు ఏమీ అనలేదు. రిటైర్మెంట్‌కు దగ్గరున్న మనిషి. మెయిన్ తీసి, ఫ్యూజు క్యారియర్ ఊడదీసి, జేబులోంచి అట్టముక్కకు చుట్టిన ఫ్యూజు తీగ తీశారు. మరలు విప్పి, మాడిన ముక్కను గోరుతో గీకి, కొత్త తీగను మరకు సవ్యదిశలో ఒక చుట్టు చుట్టి బిగించారు. "సవ్యంగ చుడితే మర బిగిస్తుంటే తీగ లోపలికి పోతది. ఎడమకు చుడితే బయటికి తోసుకొస్తది" అన్నారు. డిప్లొమా మూడేళ్లలో ఇది నాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత డ్రమ్ము మీద చెయ్యేసి ఒకసారి చేత్తో తిప్పి చూసి, "మీటర్లకంటే ముందు మోటర్‌ను చూడాలె బిడ్డా" అన్నారు. అంతే.

థర్టీ ఎయిట్ రికార్డులో ఆ ప్రయోగం జాగ్రత్తలు రాసేచోట మొదటి పాయింటు అదే పెట్టింది. నన్ను చూసి నవ్వుకుంటూ రాసింది. వైవాలో సార్ నన్ను సరిగ్గా అదే అడిగారు, "బ్రేక్ టెస్టులో మొదట ఏం చూడాలి?" అని. అనుభవంతో చెప్పాను.

మిడ్ పరీక్షల దగ్గర మాత్రం అనుభవం పనికిరాలేదు. మా రెగ్యులేషన్లో (పరీక్షల నియమాల్లో) సబ్జెక్టుకు సెమిస్టర్ నడుస్తుండగా వేసే ఇంటర్నల్ 40, చివరి పరీక్ష ఎక్స్‌టర్నల్ 60. ఇంటర్నల్లో మిడ్‌కు 30, రెండు మిడ్‌ల సగటు తీస్తారు, మిగతాది అసైన్‌మెంట్లు, వైవా వగైరా. మొదటి మిడ్‌లో ఈఎంఎఫ్‌లో నాకు 30కి 9. మా ఎల్ఈ బెంచీలో అది రెండో ర్యాంకు. మెషీన్స్‌లో 27. ఒకే మనిషికి ఒకే వారంలో వచ్చిన మార్కులు అవి. రెండు పేపర్లనూ హాస్టల్లో మంచం మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. మా రూమ్‌లో ఫార్మసీ చదివే అక్క "ఎవరిదే ఈ రెండో పేపరు?" అంది.

ఆ రాత్రి నాన్నతో నిజం చెప్పాను. మార్కులు, ఫ్యూజు, అన్నీ. అర్థం కావట్లేదని కూడా. ఆయన ముందు ఫ్యూజు గురించే అడిగాడు. "ఎన్ని ఆంపియర్ల తీగ ఏసిండ్రు?" అన్నాడు. "తెలీదు నాన్నా." "అడగకపోయినవా." తర్వాత కాసేపాగి, మిల్లులో ఆయన చేరిన కొత్తలో బెల్టు జామైన ఎలివేటర్ మోటార్‌ను అలాగే ఆన్ చేసి వైండింగ్ కాల్చేసిన సంగతి చెప్పాడు. జీతంలోంచి కోసుకున్నారట. అమ్మకు ఇప్పటికీ తెలియదట. "నీకు ఫ్యూజు తీగతోనే పోయింది" అన్నాడు. ఈఎంఎఫ్ మార్కుల మాట ఎత్తలేదు.

రెండో మిడ్ వరకు రోజూ బస్సులో థర్టీ ఎయిట్ నన్ను లెక్కలడిగింది. నిలబడి, ఒక చెయ్యి పై కడ్డీకి, ఇంకో చేతిలో ఫోన్లో తీసిన ప్రశ్నాపత్రం ఫొటో. గాస్ సూత్రంతో చేసే లెక్కలు తుర్కయంజాల్ నుంచి ఇబ్రహీంపట్నం లోపు రెండు అయ్యేవి. రెండో మిడ్‌లో 21 వచ్చింది.

ఈ మధ్యలో జరిగినవి చాలా ఉన్నాయి, క్లుప్తంగా చెప్తాను. ఐడీ కార్డు రెండు నెలలు రాలేదు, గేటు దగ్గర రోజూ ఫీజు రసీదు చూపించేదాన్ని. మడతల దగ్గర చిరిగి అది నాలుగు ముక్కలైంది. బతుకమ్మ సెలవులకు ఊరెళ్లి వచ్చేటప్పుడు అమ్మ కట్టిన సకినాలు రూమ్‌లో ఒక్కరోజు కూడా నిలవలేదు. ఇక హాజరు లెక్క. 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే ఫీజు కట్టి కాండొనేషన్ (మినహాయింపు) తెచ్చుకోవాలి, అంతకు తగ్గితే డీటైన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. మా కాలేజీలో బ్రాంచితో పనిలేకుండా, బ్యాక్‌లాగులతో పనిలేకుండా ప్రతి ఒక్కరికీ తప్పు లేకుండా వచ్చే లెక్క ఇదొక్కటే. ఇంకా ఎన్ని క్లాసులు ఎగ్గొట్టొచ్చో చివరి బెంచీలో నోటితో చెప్పేస్తారు, దశాంశాలతో సహా. నాది 79 దగ్గర ఆగింది.

ఎక్స్‌టర్నల్లో పాస్ కావాలంటే 60కి 21 తెచ్చుకోవాలి, ఇంటర్నల్‌తో కలిపి వందకు 40 దాటాలి. ఈఎంఎఫ్ పేపర్ ఇవ్వగానే నేను చూసింది కర్ల్ ఉందా లేదా అని. ఉంది. పెద్ద ప్రశ్నలోనే. జవాబు రాస్తూ పక్కన కాలువ బొమ్మ వేశాను, గట్టు వారన ఒక ఆకు. దిద్దినవాళ్లు ఏమనుకున్నారో తెలీదు. ఫలితాలు 2-2 (రెండో ఏడాది రెండో సెమిస్టర్) మొదలై కొన్ని వారాలు గడిచాక వచ్చాయి. ఈఎంఎఫ్‌లో సి, అంటే 40కీ 50కీ మధ్య. మెషీన్స్‌లో ఏ ప్లస్. థర్టీ ఎయిట్‌కు తిరగేసి, మెషీన్స్‌లో సి కాదు కానీ బి.

2-2 మొదటి రోజు గురించి చెప్పి ఆపుతాను. ఈసారి నేను మూడో బెంచీలో కూర్చున్నాను, ఆమె పక్కన. మా చివరి బెంచీలో ఎవరో ఇద్దరు అబ్బాయిలు, మాకంటే పెద్దవాళ్లు, బ్యాగులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కొత్త రిజిస్టర్‌లో ఈసారి గీత లేదు, నంబర్లన్నీ కంప్యూటర్లో వరసగా కొట్టించారు. సార్ 1ఏలన్నీ పిలిచి, ఆగకుండా 5ఏ లోకి వచ్చి, 5ఏ0211 దగ్గర ముగించి పెన్ను మూత పెట్టేశారు.

వెనక నుంచి మెల్లగా వినిపించింది.

"సార్... రీ-అడ్మిషన్."

నిరుడు 2-2లో హాజరు చాలక డీటైన్ అయినవాళ్లు. మా 11 మందిమీ ఒకేసారి వెనక్కి తిరిగాం. సార్‌కు వినపడలేదు, పుస్తకం తెరుస్తున్నారు. ఖమ్మం అబ్బాయి లేచి నిలబడి, తన గొంతుతో, "సార్, ఇంకో ఇద్దరున్నారు సార్" అన్నాడు.